పెంటమ్మ బర్త్ సర్టిఫికెట్

నేను రిటైరై రెండేళ్లు దాటింది. ఇప్పటికీ ఎవరైనా పసిబిడ్డను తెచ్చి ఒళ్లో పెడితే, ముద్దు చేయడానికి ముందే నా నోట వచ్చే మాట "పేరు ఎక్కించారా?" అని. మా కోడలు నెత్తి కొట్టుకుంటుంది. ఏం చేయను? మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల సీట్లో ఇరవై ఆరేళ్లు కూర్చున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య ఏ ఆస్పత్రిలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, వాళ్ల చుట్టాల కంటే ముందు నాకు తెలిసేది.

మా ఆఫీసులో ఆ సీటంటే అందరికీ చిన్నచూపు. ఇళ్ల పర్మిషన్ల సెక్షన్‌లో పడితే అదృష్టమనీ, ఇందులో పడితే పై అధికారికి కోపం వచ్చిందనీ అనుకునేవారు. నన్నూ అలాగే వేశారు. తర్వాత తీయడం మరిచిపోయారు.

ఈమధ్య నా సీట్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ఈ పనిలో నేర్చుకోవడానికి ఏముంది? అంతా కంప్యూటరే చేస్తోంది కదా" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయికి ఫోన్‌లో ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నేను చేసిన ఒక తప్పు ఉంది. అది బయటపడిన రోజు నాకు పట్టిన చెమట ఇప్పటికీ ఆరలేదు.

పుట్టిన చోటే కాగితం

ముందు పని సంగతి. బర్త్ సర్టిఫికెట్ కాపీ తీసుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. బిడ్డ ఏ ఆస్పత్రిలో పుడితే ఆ ఆస్పత్రి వాళ్లు తమ పరిధిలోని మున్సిపల్ ఆఫీసుకు వివరాలు పంపుతారు. ఇంట్లో పుడితే ఇంటివాళ్లే వెళ్లి చెప్పాలి. పల్లె అయితే పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. ఒకసారి రిజిస్టర్‌లోకి ఎక్కిందంటే, ఎన్నేళ్ల తర్వాతైనా కాపీ దొరుకుతుంది. కంప్యూటర్లు వచ్చాక పుట్టినవాళ్లదైతే ఆన్‌లైన్ సెంటర్లోనే ఇచ్చేస్తారు. అంతకు ముందుదైతే, తల్లిదండ్రుల పేర్లు, తేదీ, ఆస్పత్రి పేరు పట్టుకుని మా దగ్గరికి రావాలి. మేం పాత రిజిస్టర్లు తిరగేసి వెతుకుతాం. పేరు గడి ఖాళీగా ఉంటే తల్లిదండ్రులు అర్జీ పెట్టి పేరు చేర్పించుకోవచ్చు. అసలు ఎంట్రీయే లేకపోతే, లేదని ఒక కాగితం ఇస్తాం. దాంతో ఆర్డీవో ఆఫీసుకు వెళ్లి ఆర్డరు తెచ్చుకుంటే, ఆలస్యంగానైనా నమోదు చేస్తారు.

అంతే. ఇందులో జనానికి అర్థం కానిది ఒక్కటే. ఎక్కడ ఉంటున్నామన్నది లెక్కలోకి రాదు, ఎక్కడ పుట్టామన్నదే లెక్క. నాదర్‌గుల్ నుంచి ఒకాయన వచ్చి కౌంటరు మీద చెయ్యేసి కొట్టాడు.

"ఇంటి పన్ను కడుతున్న, ఓటు ఈడనే ఏస్తున్న. సర్టిఫికెట్ ఇయ్యనంటవేంది?"

"మీ పిల్లగాడు పుట్టింది ఎక్కడన్నా?"

"కరీంనగర్ల."

"మరి కరీంనగర్‌కే పోవాలె."

"గీడ బతుకుతున్నోణ్ని గాడికెందుకు పోతనమ్మా?" అని గంటసేపు గొడవ పెట్టుకున్నాడు.

చైతన్యపురిలో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే సారు ఇంకొకాయన. కోస్తా వైపు మనిషి, మహా మర్యాదస్తుడు. కూతురి సర్టిఫికెట్ కాపీకి వచ్చాడు. పాప పుట్టిన తేదీ అడిగాను. "మార్చండీ... కాదు కాదు, ఏప్రిల్ అనుకుంటానండీ. ఆ యేడే మా మొదటి బ్యాచ్‌కి ర్యాంకులొచ్చాయండీ" అన్నాడు. సంవత్సరం కూడా తెలియదు! చివరికి వాళ్లావిడకు ఫోన్ చేశాడు. అవతల ఆవిడ పెట్టిన కేకలు క్యూలో అందరికీ వినిపించాయి.

కన్నబిడ్డ పుట్టిన తేదీ తండ్రులకు తెలియకపోవడం చూసి మొదట్లో నోరెళ్లబెట్టేదాన్ని. తర్వాత అలవాటైపోయింది. ఆ అలవాటే నా కొంప ముంచింది.

మొదటి కాన్పు

నా సర్వీసు ఇంకో నాలుగేళ్లుందనగా, ఒక మే నెలలో జరిగిందిది. పెళ్లిళ్ల కాలం. చంపాపేట్ నుంచి ముగ్గురు వచ్చారు. తండ్రి సైదులు, స్కూలు బస్సు డ్రైవరు. తల్లి అండాలు, చీరలకు ఫాల్సు కుడుతుంది. వాళ్లమ్మాయి శిరీష. నల్గొండ జిల్లా నుంచి బతుకుదెరువుకు వచ్చి చంపాపేట్‌లో కిరాయికి ఉంటున్నారు. నాదీ నల్గొండ జిల్లాయే, మాట వినగానే తెలిసింది.

సైదులు తన దగ్గరున్న పాత సర్టిఫికెట్ చూపించాడు. ఎప్పుడో ప్లాస్టిక్ అట్ట వేయించినట్టున్నాడు. లోపల సిరా వెలిసి, తేదీ సగం కనిపిస్తోంది, సగం లేదు.

"పోరి పెండ్లి మేడం. ఇంక పదకొండు దినాలే ఉన్నది. కల్యాణలక్ష్మికి పెట్టాలంటే సాఫ్‌గ ఉన్న కాగితం గావాలన్నరు" అన్నాడు.

ప్రభుత్వం ఇచ్చే ఆ పెళ్లి సాయానికి పెళ్లికూతురికి పద్దెనిమిదేళ్లు నిండినట్టు రుజువు కావాలి. రిజిస్టరు తీశాను. రెండు నిమిషాల్లో దొరికింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్. ఏప్రిల్ నెల. ఆడపిల్ల. తండ్రి సైదులు, తల్లి అండాలు, కాన్పు మొదటిది. పేరు శిరీష. పేరు మాత్రం తర్వాత వేరే సిరాతో చేర్చినట్టుంది. లెక్క చూస్తే పద్దెనిమిది నిండి నెల. అంతా సవ్యంగా ఉంది. కాపీ తయారు చేయడం మొదలుపెట్టాను.

వెనక బెంచీ మీద కూర్చున్న అండాలుకు దాహం వేసినట్టుంది. కూతుర్ని పిలిచింది.

"పెంటమ్మా, గా నీళ్ల సీస ఇటియ్యే."

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ పేరు సంగతి మా వైపు పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పాలి. ముందు పుట్టిన బిడ్డ దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను ఒక చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పక్కింటావిడ వచ్చి తీసుకుంటుంది. తల్లి ఆవిడకు కాస్త తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కుంటుంది. ఇది పారేసిన బిడ్డ, దీన్ని ఎత్తుకుపోయినా లాభం లేదని మృత్యువును నమ్మించడమన్నమాట. అలా దక్కిన బిడ్డ మగపిల్లాడైతే పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ. బళ్లో ఏ పేరైనా పెట్టుకోవచ్చు, ఇంట్లో మాత్రం అదే పేరు. మా మేనత్త ఒకావిడకు ఆ పేరుండేది. సిటీలో పెరిగిన ఈ కాలపు పిల్లను ఆ పేరుతో పిలవడం వినగానే ముందు ఆశ్చర్యం వేసింది. మరుక్షణం నా చూపు రిజిస్టరు మీద పడింది.

పెంటమ్మ ఎప్పుడూ మొదటి కాన్పు బిడ్డ కాదు. అయ్యే వీలే లేదు. నా ముందున్న రిజిస్టర్లో 'మొదటిది' అని రాసి ఉంది.

"బిడ్డా, నువ్వు ఏడ పుట్టినవ్?" అని అడిగాను.

"అమ్మమ్మోళ్ల ఊర్లె మేడం. మిర్యాలగూడ దిక్కు. మంత్రసానే చేసిందట" అంది శిరీష. నవ్వుతూ ఇంకో మాట కూడా చెప్పింది. "వాన దంచికొడుతుంటే పుట్టిన్నట. అమ్మమ్మ ఎప్పుడు గదే చెప్తది."

ఏప్రిల్‌లో దంచికొట్టే వాన! దిల్‌సుఖ్‌నగర్ నర్సింగ్ హోమ్‌లో మంత్రసాని! నేను తలెత్తి సైదులు వైపు చూశాను. అతను గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాడు. అండాలు కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండు బీరువాలు

మా సెక్షన్‌లో జనన రిజిస్టర్లు కిటికీ పక్క బీరువాలో ఉండేవి. మరణ రిజిస్టర్లు లోపల, స్టోరు గది పక్క బీరువాలో. నేను చేరిన రోజు నుంచి అంతే. పుట్టినవాళ్ల కోసం వచ్చినవాళ్లకు ఇది తీస్తాం, పోయినవాళ్ల కోసం వచ్చినవాళ్లకు అది తీస్తాం. ఇన్నేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద పెట్టి చూసిన పాపాన పోలేదు. ఎవరూ చెప్పలేదు, మాకూ తట్టలేదు.

ఆ రోజు లేచి లోపలికి వెళ్లాను. అదే సంవత్సరం మరణాల పుస్తకం తీశాను. ఏప్రిల్, మే, జూన్ పేజీల్లో ఏమీ లేదు. జూలైలో ఉంది. పిల్లల దవాఖాన పంపిన ఎంట్రీ. 'సైదులు, అండాలుల ఆడశిశువు. వయసు మూడు నెలలు.' పేరు గడిలో అడ్డగీత.

ఆ పుస్తకం చంకలో పెట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాను. ఇక్కడ నేను చేసిన పని మీరెవరూ చేయకండి. బుద్ధున్నవాళ్లు ముందు తల్లిదండ్రులను పక్కకు పిలుస్తారు. నేను క్యూలో ఉన్న పదిమంది ముందు అరిచాను.

"సైదులూ, నీ మొదటి బిడ్డ చచ్చిపోయిందయ్యా! ఇగో, పుస్తకంల ఉన్నది. మరి ఈ పిల్ల ఎవరు? ఈ పిల్లకు ఎన్నేండ్లు?"

నల్లా కనెక్షన్ గురించి వాదిస్తున్నాయన కూడా ఇటు తిరిగాడు. శిరీష నా వైపు చూసింది, వాళ్లమ్మ వైపు చూసింది. "అమ్మా, మేడం ఎవరి గురించి అంటున్నదే?" అంది. తనకంటే ముందు ఒక అక్క ఉండేదని ఆ పిల్లకు ఆ క్షణం వరకు తెలియదు. తెలియదని నాకు తెలియదు.

సైదులు ఆ మరణాల పేజీ వంక చూస్తూ, "గది గూడ రాస్తరా మేడం?" అన్నాడు. మూడు నెలల బిడ్డ చావును ప్రభుత్వం రాసి పెట్టుకుంటుందని అతను ఊహించనే లేదు. అతని మొహంలో భయం కంటే నివ్వెరపోవడమే ఎక్కువ కనిపించింది.

నా పొట్టి సంతకం

ముగ్గురినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. అండాలు చెప్పింది.

"మొదటిది ఈడనే పుట్టింది మేడం. దవాఖానోళ్లు కాగితం గిట్ల ఇచ్చిండ్రు. మూడు నెల్లకు జరమొచ్చి పాయె. పేరు గూడ పెట్టలే. రెండోది కడుపుల పడ్డంక మా అమ్మ పట్నం దవాఖాన వద్దన్నది. ఊరికి తోల్కపోయింది. పుట్టినంక పెంట మీదేసి కొనుక్కున్నం. మొదటిదాన్ని కాగితం ఎక్కించిండ్రు, గందుకే పోయింది, దీన్ని ఏ కాగితం ఎక్కియ్యొద్దు అన్నది మా అమ్మ. ఎక్కియ్యలే."

"మరి బడిల ఎట్ల ఏసిండ్రు?"

సైదులు అందుకున్నాడు. "ఇద్దరం పనికి పోతుంటిమి మేడం. పోరిని చూసెటోళ్లు లేకుండె. మూడేండ్లు గూడ నిండలే, ఎవలు బడిల తీస్కోరు. బర్త్ సర్టిఫికెట్ తెమ్మన్నరు. పెట్టెల పెద్దదాని కాగితముండె. పేరు గడి ఖాళీగ ఉండె. ఎట్లన్న మా బిడ్డదే గదా అనుకున్న. ఈడికొచ్చి పేరు రాపిచ్చుకున్న."

చచ్చిపోయిన బిడ్డ కాగితంలో బతికున్న బిడ్డ పేరు! దీన్నేమనాలి, మోసమనాలా? అతను దాన్ని మోసమనుకోనే లేదు. పెద్దపిల్ల గౌను చిన్నపిల్లకు తొడిగినట్టు తొడిగాడు. శిరీష నిజంగా పుట్టింది రెండేళ్ల రెండు నెలల తర్వాత. అంటే పదకొండు రోజుల్లో పెళ్లి పీటల మీద కూర్చోబోతున్న ఆ పిల్లకు పదహారు కూడా నిండలేదు.

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. "పేరు ఎక్కించిన మనిషన్నా అడగాలె గదా! పిల్ల ఏది, ఎక్కడున్నది అని అడగకుండ ఎవడు రాసిండు?" అంటూ జనన రిజిస్టరు నా వైపు తిప్పుకున్నాను. పేరు పక్కన మార్జిన్‌లో 'తండ్రి కోరిక మేరకు పేరు చేర్చడమైనది' అని ఉంది. కింద పొట్టి సంతకం.

నాది.

చేతిరాత నాది. సంతకం నాది. ఎంత గుర్తు చేసుకున్నా ఆ రోజు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. రోజుకు అలాంటివి పదో పన్నెండో రాసేదాన్ని. కానీ సైదులుకు గుర్తుంది.

"మీరే మేడం. ఇందాక వచ్చినప్పుడే గుర్తుపట్టిన. ఆ దినం నీలం చీర కట్టుకున్నరు. పాప పేరేందన్నరు. శిరీష అన్న. మంచి పేరు పెట్టినవయ్యా అన్నరు."

మంచి పేరు పెట్టావని మెచ్చుకున్నాను, చూశారా! ఆ మెచ్చుకోవడానికి పట్టిన సమయంలో "పాపను తీసుకురాలేదా?" అని ఒక్క మాట అడిగి ఉంటే, అతను అబద్ధం చెప్పే మనిషి కాదు, అక్కడే కథంతా చెప్పేసేవాడు. పదమూడేళ్ల కిందటే ఆగిపోయేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మూర్తి గారి గది

మా అధికారి మూర్తి గారు గోదావరి జిల్లా మనిషి. ఏ ఫైలు తీసుకెళ్లినా "మనకెందుకండీ" అనడం ఆయనకు ఊతపదం. ఆయన మీద నాకు సదభిప్రాయం ఉండేది కాదు. రెండు పుస్తకాలూ ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మార్జిన్‌లో నా సంతకం కూడా నేనే చూపించాను. దాచిపెడదామన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. పుస్తకం మూసి కాపీ చేతిలో పెడితే వాళ్లు దండం పెట్టి వెళ్లిపోతారు, పదకొండు రోజుల్లో పెళ్లైపోతుంది, నా సంతకాన్ని ఎవరూ చూడరు. అలా ఒక అర నిమిషం అనుకున్నాను.

ఆయన రెండు ఎంట్రీలూ చదివారు. "ఏవండీ, రికార్డులో అబద్ధం లేదండీ. ఆ పాప పుట్టిన మాట నిజం, పోయిన మాటా నిజం. కాపీ అడిగితే మనం కాదనలేం" అన్నారు. ఇదేం మనిషిరా నాయనా అనుకున్నాను. ఆయన ఇంకా పూర్తి చేయలేదు. "కాకపోతే రెండూ ఇద్దామండీ. పుట్టిన కాగితం, పోయిన కాగితం, ఒకే పిన్ను పెట్టి ఇద్దాం. దాంతో ఎవరైనా పెళ్లి చేసుకోగలరేమో చూద్దాం" అన్నారు. అలాంటి మాట ఆయన నోట వస్తుందని కలలో కూడా అనుకోలేదు. పిల్లల సంక్షేమ అధికారులకు తాను ఉత్తరం రాస్తున్నాననీ, నా తప్పు మీద కూడా రాయక తప్పదనీ నాకు చెప్పి, వాళ్లను లోపలికి పిలిపించారు.

సైదులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, కార్డులు పంచినం. పిలగాడు అండాలు అన్న కొడుకే, బయటోడు గాడు. చదువు ఎక్కుతలేదనే చేస్తున్న సార్. ఇంటర్ల మూడు సబ్జెక్టులు పోయినయి. చిన్నప్పటిసంది గంతే, మొద్దు. క్లాసుల అందరికన్న ఎనకనే. ఎన్ని ట్యూషన్లు పెట్టినా ఎక్కలే."

"నిజంగా ఎన్నేళ్లో నీకు తెలుసా తెలీదా?" అన్నారు మూర్తి గారు.

"బడిల ఏసినప్పుడు తెలుసు సార్. తర్వాత తర్వాత అన్నిట్ల గదే తేదీ రాసుకుంట వచ్చినం. ఆధార్ల గదే, మెమోల గదే. నేను గూడ పద్దెనిమిదే అనుకున్న." అతను నిజమే చెబుతున్నాడు. కన్నతండ్రి కళ్లెదుట పెరిగిన పిల్ల వయసును కాగితం చూసి నమ్మాడు! నాకింకా మింగుడుపడదు.

శిరీష బల్ల దగ్గరికి వచ్చింది. రెండు పుస్తకాలనూ చూసింది. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"సార్, నేను ఎల్కేజీల చేరినప్పుడు నాకు మూడేండ్లు గూడ లేవా?"

"లేవమ్మా."

"గౌనుల పోసుకుంటున్ననని నన్ను బయట నిలబెడుతుండె సార్. క్లాసుల నేనొక్కదాన్నే పోసుకుంటుంటి. అందరు ఐదేండ్లోళ్లేనా?"

"అంతేనమ్మా."

"పదో తరగతి రాసినప్పుడు నాకు పద్నాలుగేనా?"

మూర్తి గారు తలూపారు. ఆ పిల్ల వాళ్ల నాన్న వైపు చూడకుండా, మూర్తి గారినే అడిగింది.

"అంటే నేను మొద్దుదాన్ని గాదా సార్?"

అండాలు భోరుమంది. మూర్తి గారు "కాదమ్మా... కాదు తల్లీ" అని మాత్రం అనగలిగారు. నేను గోడకు ఆనుకున్నాను. పెళ్లి తేదీ ఒక్కటే నాకు ప్రమాదంగా కనిపించింది అప్పటిదాకా. బడికి పోయిన ప్రతిరోజూ ఆ పిల్ల తనకంటే రెండేళ్లు పెద్దవాళ్లతో పోటీపడి ఓడిపోయిందనీ, ఆ ఓటమినే కారణంగా చూపి పెళ్లి చేస్తున్నారనీ, దానికంతటికీ మొదలు నా సంతకమనీ అప్పుడు తలకెక్కింది.

సైదులు ఫోన్ తీశాడు. అక్కడే, మా ఎదుటే అండాలు అన్నకు చేశాడు. "బావా, పెండ్లి ఆపుతున్న. పోరికి పదహారు నిండలే" అన్నాడు. అవతలివైపు కేకలు మాకు వినిపించాయి. చుట్టాల్లో పరువేం కావాలని అడుగుతున్నట్టుంది. సైదులు ఒక్కో మాటకూ తగ్గిపోతున్నాడు. అప్పుడు అండాలు లేచింది. ఏడుపు ఆపింది. మొగుడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అన్నా, నీకెరుక లేదా? పెంటమ్మ నీ ఇంట్లనే పుట్టింది. మంత్రసానిని నువ్వే తోల్కొచ్చినవ్. వానల తడుసుకుంట పోయి తోల్కొచ్చినవ్. ఎన్నేండ్లయిందో నువ్వే లెక్కబెట్టు."

అవతల కేకలు ఆగిపోయాయి. పెళ్లికొడుకు తండ్రికీ తెలుసు! ఆ ఇంట్లో అమ్మమ్మకు తెలుసు, అత్తకు తెలుసు, అందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్లని కాగితం చెబుతోంది కదా అని ఒక్కరూ లెక్కపెట్టుకోలేదు.

పెళ్లి ఆగింది. కాపీలు ఇవ్వాల్సిన పని లేకపోయింది, పాత సర్టిఫికెట్‌ను మూర్తి గారు ఫైల్లో ఉంచేశారు. సంక్షేమ శాఖ వాళ్లు చంపాపేట్ వచ్చి, పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయబోమని తల్లిదండ్రుల చేత రాయించుకున్నారు. నాకు మెమో వచ్చింది. తప్పు చేశానని ఒప్పుకుంటూ జవాబిచ్చాను. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, చిన్నపిల్లల పేరు చేర్చమని ఎవరొచ్చినా నాది ఒకటే పద్ధతి. పిల్లను తీసుకొచ్చి చూపించమనేదాన్ని. పక్కన మరణాల పుస్తకం తెరిచి చూశాకే పెన్ను తీసేదాన్ని. ఈవిడకు చాదస్తమని వెనక నవ్వేవారు. కొత్తగా వచ్చిన అమ్మాయీ, కంప్యూటర్లో కూడా అవి రెండు వేరు వేరు పేజీలే. రెండూ తెరువు.

సంబంధం

శిరీషకు తనదంటూ సర్టిఫికెట్ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. పుట్టిన ఊళ్లోనే కదా చేయించుకోవాలి. పంచాయతీలో ఎంట్రీ లేదని కాగితం తీసుకున్నారు. తల్లిదండ్రులు అఫిడవిట్ ఇచ్చారు. మంత్రసాని ఇంకా బతికే ఉంది, ఆమె వచ్చి వేలిముద్ర వేసింది. ఆర్డీవో ఆర్డరు వచ్చింది. పదో తరగతి మెమోలో తేదీ మాత్రం తేలిగ్గా మారే వ్యవహారం కాదు, నేను రిటైరయ్యేటప్పటికి కూడా తిరుగుతూనే ఉన్నారు.

సర్టిఫికెట్ వచ్చిన వారం శిరీష ఒక్కతే మా ఆఫీసుకు వచ్చింది. మనిషి కాస్త పొడుగైంది. ఫెయిలైన మూడు సబ్జెక్టుల్లో రెండు పాసైందట. కొత్త కాగితం నా చేతిలో పెట్టింది. ఊరి పేరు, జూన్ నెల, అసలు సంవత్సరం. చదివి, కళ్లకద్దుకున్నంత పని చేశాను.

మా దగ్గర మిగిలిన పని ఒకటుంది. పాత ఎంట్రీలో తప్పుగా చేర్చిన పేరు కొట్టేయాలి. మూర్తి గారు ఆ సంగతి చెప్పగానే ఆ పిల్ల వద్దంది.

"ఉండనీయుండ్రి సార్. దానికి పేరే పెట్టలేదంట. నా పేరే దానికి ఉండనీయుండ్రి."

మూర్తి గారు మార్జిన్‌లో జరిగిందంతా నోటు రాశారు. పేరు మీద మాత్రం గీత గీయలేదు. రూలు ప్రకారం అది సరైందో కాదో నాకు ఇప్పటికీ తెలియదు, ఆయన్ను అడగనూ లేదు.

వెళ్లిపోతుందనుకున్న పిల్ల మళ్లీ నా కౌంటరు దగ్గరికి వచ్చి, కాపీ కోసం పెట్టే దరఖాస్తు ఫారం ఒకటి ఇమ్మంది. నేను అయోమయంగా చూశాను.

"నీ కాగితం నీకొచ్చింది గదా బిడ్డా. ఇంకెవలది?"

"మా అక్కది మేడం. పాతది మీరే తీస్కున్నరు గదా. మా ఇంట్ల దానిది ఇంకేం లేదు. ఒక్క ఫోటో గూడ లేదు."

ఫారం ఇచ్చాను. అక్కడే నిలబడి నింపింది. ఎవరి సర్టిఫికెట్ కావాలన్న చోట 'శిరీష' అని రాసింది. కింద దరఖాస్తుదారు పేరు దగ్గరా 'శిరీష' అనే రాసింది. 'దరఖాస్తుదారుకు గల సంబంధం' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

"ఈడ ఏం రాయాలె మేడం?"

"నువ్వు ఆమెకు ఏమైతవో అది రాయి."

ఆ బిడ్డ కాగితం కోసం అంతకు ముందు నా దగ్గరికి వచ్చిన రెండుసార్లూ అబద్ధం మీదే వచ్చారు. శిరీష తల వంచి, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది.

'చెల్లె.'